జెరండ్ ఫ్రేజ్: మన ‘-డం’ ఎంతవరకు పనికొస్తుంది?

సిరి_ఖమ్మం:
అందరికీ నమస్కారం. డీఎస్సీకి చదువుతున్నాను. ఇంగ్లిష్‌లో జెరండ్ దగ్గర ఆగిపోయాను. “క్రియకు ఇంగ్ చేరి నామవాచకం పని చేసేది జెరండ్” అన్న నిర్వచనం నోటికొచ్చు. బిట్ ముందు కూర్చుంటే మాత్రం టెన్షన్. ఈ మూడూ చూడండి.

“సెల్లింగ్ ఓల్డ్ బుక్స్ ... హిజ్ బిజినెస్”. ఈజ్ పెట్టాలా, ఆర్ పెట్టాలా?
“షి సజెస్టెడ్ ... బై ట్రైన్”. టు గో నా, గోయింగా?
“ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ... యూ”. మీటా, మీటింగా?

కీలో జవాబులు ఉన్నాయి, ఎందుకన్నది లేదు. ఫ్రేజ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఏ క్రియ తర్వాత ఇంగ్, ఏ క్రియ తర్వాత టు అనే లిస్టు బట్టీ పట్టడం తప్ప దారి లేదా?

పల్నాడు_కారం:
లేదు చెల్లీ. బట్టీ కొట్టెయ్. మేమంతా అట్లాగే గట్టెక్కాం.

కాకినాడ_మాస్టారు:
కారం గారూ, గట్టెక్కిన తర్వాత అందులో ఎంత గుర్తుందో కూడా చెప్పండి మరి.

సిరమ్మా, ముందు ఫ్రేజ్ సంగతి చూద్దాం. నీ మొదటి వాక్యంలో సెల్లింగ్ ఒక్కటే జెరండ్. “సెల్లింగ్ ఓల్డ్ బుక్స్” మొత్తం కలిపితే జెరండ్ ఫ్రేజ్. వాక్యంలో అది నామవాచకం కుర్చీలోనే కూర్చుంటుంది. కానీ లోపల క్రియ గుణం పోలేదు. అందుకే దానికి కర్మ ఉంటుంది: ఏం అమ్మడం? పాత పుస్తకాలు. “ఆన్ ది ఫుట్‌పాత్” అని చేరిస్తే ఎక్కడ అమ్మడమో కూడా అదే ఫ్రేజ్‌లోకి వస్తుంది. “క్వయట్లీ” అంటే ఎలా అమ్మడమో కూడా వస్తుంది. ఎంత పొడుగు పెరిగినా అదంతా ఒకటే ముక్క.

హద్దు ఎక్కడో తెలియకపోతే ఆ ముక్క తీసేసి “ఇట్” పెట్టి చూడు. “సెల్లింగ్ ఓల్డ్ బుక్స్ ఆన్ ది ఫుట్‌పాత్ ఈజ్ హిజ్ బిజినెస్” అన్నది “ఇట్ ఈజ్ హిజ్ బిజినెస్” అయింది. వాక్యం నిలబడింది కాబట్టి ఇట్ ఎంత మేర మింగిందో అంత మేరా ఫ్రేజ్. ఈజ్ ఎందుకన్నదానికీ జవాబు ఇందులోనే ఉంది. పక్కనే బుక్స్ అని బహువచనం కనబడగానే చెయ్యి ఆర్ మీదికి పోతుంది, పేపర్ సెట్ చేసేవాడు వేసే వల అదే. వ్యాపారం పుస్తకాలు కాదు, అమ్మడం. అమ్మడం ఒకటే పని.

ఇక స్థానాలంటావా, నామవాచకం ఉండగలిగే చోటల్లా ఇదీ ఉంటుంది. కర్తగా పైన చూశావు. కర్మగా: “షి ఎంజాయ్స్ టీచింగ్ స్మాల్ చిల్డ్రన్”. బి క్రియ తర్వాత: “హిజ్ జాబ్ ఈజ్ చెకింగ్ టికెట్స్”. ప్రిపొజిషన్ తర్వాత: “హి లెఫ్ట్ వితౌట్ పేయింగ్ ది బిల్”. పరీక్షలో అడిగేది ఎక్కువగా చివరి రెండింటి మీదే.

సిరి_ఖమ్మం:
మాస్టారూ, “హిజ్ జాబ్ ఈజ్ చెకింగ్ టికెట్స్”, “హి ఈజ్ చెకింగ్ టికెట్స్” రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయి కదండీ. రెండోది కంటిన్యువస్ టెన్స్. తేడా ఎలా పట్టుకోవాలి?

ఓరుగల్లు_స్వాతి:
దీనికి నేను చెప్తా సిరీ. హన్మకొండలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెప్తుంటాను, మా దగ్గర వచ్చే మొట్టమొదటి డౌటు ఇదే.

తెలుగులో అనుకొని చూడు. “అతని ఉద్యోగం టికెట్లు చెక్ చేయడం.” “అతను టికెట్లు చెక్ చేస్తున్నాడు.” మొదటిదాంట్ల ‘-డం’ వచ్చింది, రెండోదాంట్ల ‘-తున్నాడు’ వచ్చింది. ఉద్యోగం టికెట్లు చెక్ చేస్తదా? చేయదు. మనిషి చేస్తడు. అంతే.

‘-డం’ వస్తే జెరండ్. ‘-తున్న’, ‘-తూ’, ‘-తున్నాడు’ వస్తే పార్టిసిపుల్. “స్లీపింగ్ చైల్డ్” అంటే నిద్రపోతున్న పిల్ల, పార్టిసిపుల్. “స్లీపింగ్ పిల్” అంటే నిద్రపోతున్న మాత్ర కాదు కదా! నిద్రపోవడం కోసం వేసుకునే మాత్ర, కాబట్టి జెరండ్. “రన్నింగ్ వాటర్”, “రన్నింగ్ షూస్” జత కూడా ఇంతే. నీళ్లు పారుతున్నయి, బూట్లు మాత్రం వాటంతటవి ఉరకవు.

ఇంకో సంగతి. ఏ క్రియ తర్వాత ఇంగ్, ఏ క్రియ తర్వాత టు అన్నదానికి కూడా ఇదే దారి చాలావరకు పనిచేస్తది. తెలుగు వాక్యంలో ‘-ాలని’ వస్తే ఇంగ్లిష్‌లో టు. వెళ్లాలని ఉంది, వెళ్లాలని నిర్ణయించుకున్న, వెళ్లాలని ఆశ, వెళ్లాలని ప్లాన్: వాంట్ టు గో, డిసైడ్ టు గో, హోప్ టు గో, ప్లాన్ టు గో. ‘-డం’ వస్తే ఇంగ్. వెళ్లడం మానేసిన, వెళ్లడం ఇష్టం, వెళ్లడం వాయిదా వేసిన, వెళ్లడం పూర్తిగా తగ్గించిన. గివ్ అప్, ఎంజాయ్, పోస్ట్‌పోన్ ఇవన్నీ ఇంగ్ అడుగుతయి. మా పిల్లలకు లిస్టు ఇవ్వను. ముందు తెలుగులో చెప్పించి, తర్వాత ఇంగ్లిష్ చెప్పిస్త.

పల్నాడు_కారం:
స్లీపింగ్ పిల్ భలే ఉందక్కా. మా బావమరిది చదువు సంగతి గుర్తొచ్చింది, అదీ స్లీపింగ్ చైల్డే.

బైట్_బాబ్జీ:
స్వాతి గారూ, మీ సూత్రం బాగుంది గానీ ఒక చోట తిరగబడుతోంది. “తాళం వేయడం మర్చిపోయాను” అంటాం. ‘-డం’ ఉంది. మీ లెక్క ప్రకారం “ఐ ఫర్‌గాట్ లాకింగ్ ది డోర్” కావాలి. కానీ తాళం వేయకుండా వచ్చేసినప్పుడు చెప్పాల్సింది “ఐ ఫర్‌గాట్ టు లాక్ ది డోర్”. మా టీమ్‌లో ఒకతను క్లయింట్‌కి “ఐ ఫర్‌గాట్ సెండింగ్ ది రిపోర్ట్” అని మెయిల్ కొట్టాడు. రిపోర్ట్ పంపాడో పంపలేదో తెలియక అవతలివాళ్లు ఇన్‌బాక్స్ అంతా వెతుక్కున్నారు.

కాకినాడ_మాస్టారు:
బాబ్జీ గారు సరైన చోట పట్టుకున్నారు. ఈ తలనొప్పి అంతా అయిదారు క్రియల దగ్గరే ఉంటుంది. రిమెంబర్, ఫర్‌గెట్, స్టాప్, ట్రై, రిగ్రెట్. ఇవి ఇంగ్ తీసుకుంటాయి, టు కూడా తీసుకుంటాయి, కానీ అర్థం మారిపోతుంది. పుస్తకాల్లో ఈ భాగం చదివి పిల్లలు బెంబేలెత్తిపోతారు. చిత్రమేమిటంటే ఆ తేడా మన తెలుగులో ఎప్పటినుంచో ఉంది. ‘-డం’ ఒక్కదాన్నే పట్టుకుంటే దొరకదు, అంతే.

ఫర్‌గెట్, రిమెంబర్: “తాళం వేయడం మర్చిపోయాను”. తాళం పడలేదు. “ఫర్‌గాట్ టు లాక్”. “తాళం వేసినట్టు గుర్తుంది”. తాళం పడింది, ఆ జ్ఞాపకం ఉంది. “రిమెంబర్ లాకింగ్”. చూశారా, ఇక్కడ తెలుగులో ‘-సినట్టు’ అని జరిగిపోయిన రూపం వాడితే ఇంగ్లిష్‌లో ఇంగ్ వస్తుంది. “మిమ్మల్ని ఎక్కడో చూసినట్టు గుర్తు” అంటే “ఐ రిమెంబర్ సీయింగ్ యూ సమ్‌వేర్”. “మర్చిపోకుండా ఫోన్ చెయ్యి” అంటే “రిమెంబర్ టు కాల్”. ఆ ఫోన్ ఇంకా చేయాల్సి ఉంది.

స్టాప్: “టీ తాగడానికి ఆగాడు”, “స్టాప్డ్ టు డ్రింక్ టీ”. “టీ తాగడం మానేశాడు”, “స్టాప్డ్ డ్రింకింగ్ టీ”. ఆగడం వేరు, మానేయడం వేరు. మనకు రెండు క్రియలు, వాళ్లకు ఒకటే క్రియ. అందుకని వాళ్లు పక్కనున్న రూపం మార్చుకుని ఆ తేడా చూపిస్తారు.

ట్రై: నాకు బాగా నచ్చేది ఇదే. “కిటికీ తీయడానికి ప్రయత్నించాను”, బిగుసుకుపోయింది, రాలేదు. “ట్రైడ్ టు ఓపెన్”. “గది ఉక్కపోస్తుంటే కిటికీ తీసి చూశాను, అయినా తగ్గలేదు.” ఇక్కడ కిటికీ తెరుచుకుంది, ఫలితమే రాలేదు. “ట్రైడ్ ఓపెనింగ్ ది విండో”. మనం రోజుకి పదిసార్లు అంటుంటాం కదా, ఉప్పు వేసి చూడు, రీస్టార్ట్ చేసి చూడు, ఆయన్ని అడిగి చూడు. ‘-సి చూడు’ వచ్చిన ప్రతిచోటా “ట్రై” పక్కన ఇంగ్ కళ్లు మూసుకుని పెట్టొచ్చు.

రిగ్రెట్: “ఆమాట అన్నందుకు బాధపడుతున్నాను”, “రిగ్రెట్ సేయింగ్”. “మీ దరఖాస్తు తిరస్కరించామని తెలపడానికి చింతిస్తున్నాం”, “రిగ్రెట్ టు ఇన్‌ఫామ్”. ఇది ఉత్తరాల్లో తప్ప బయట ఎవరూ వాడరు.

బైట్_బాబ్జీ:
‘-సి చూడు’ సంగతి అదిరింది మాస్టారూ. సపోర్ట్ టికెట్లలో రోజూ “ప్లీజ్ ట్రై టు రీస్టార్ట్” అని రాస్తుంటాం. రీస్టార్ట్ చేయడమే కష్టమైన పని అన్నట్టు ఉందన్నమాట. “ట్రై రీస్టార్టింగ్” అనాలి.

ఓరుగల్లు_స్వాతి:
మాస్టారూ, రేపటి క్లాసులో వాడేస్తా. ఒకటి మాత్రం కలపాలి. ముందు తెలుగులో అనుకునే పద్ధతి సజెస్ట్ దగ్గర కూడా పిల్లల్ని ముంచుతది. “ట్రైన్‌లో వెళ్లమని సలహా ఇచ్చింది” అని తెలుగులో అనుకుంటరు, “షి సజెస్టెడ్ మి టు గో బై ట్రైన్” అని రాస్తరు. సజెస్ట్ తర్వాత మనిషి, ఆ తర్వాత టు రావొద్దు. “సజెస్టెడ్ గోయింగ్ బై ట్రైన్” అనాలె, లేకుంటే “సజెస్టెడ్ దట్ వి గో” అనాలె. “మనిషి ప్లస్ టు” కావాలంటే అడ్వైజ్ వాడుకోవాలె: “షి అడ్వైజ్డ్ మి టు గో”. సిరీ, నీ రెండో బిట్ ఇదే.

సిరి_ఖమ్మం:
చాలా థాంక్స్ అక్కా. ఇప్పుడు నా మూడో డౌటు. ‘-డానికి’ వస్తే టు ప్లస్ వి వన్, అంటే క్రియ మొదటి రూపం, అని మా కోచింగ్‌లో చెప్పారు. “కలవడానికి వచ్చాను”, “కేమ్ టు మీట్”. మరి “లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్” లో టు పక్కన ఇంగ్ ఎలా వచ్చింది? టు తర్వాత వి వన్ కదా రావాలి?

కాకినాడ_మాస్టారు:
ఈ ప్రశ్న అడగకుండా జెరండ్ పాఠం ముగిస్తే అది పాఠమే కాదు.

ఇంగ్లిష్‌లో టు అనేవి రెండున్నాయి. ఒకటి ఇన్ఫినిటివ్‌లో, అంటే “టు గో”, “టు మీట్” లాంటి వాటిలో, క్రియ ముందు నిలబడేది. రెండోది ప్రిపొజిషన్, “టు హైదరాబాద్”, “టు మై ఫ్రెండ్” లో ఉండేది. ప్రిపొజిషన్ తర్వాత క్రియ రావాలంటే జెరండ్ వేషంలోనే రావాలి. ఇన్, ఆన్, ఫర్, వితౌట్, ఆఫ్టర్ అన్నిటికీ ఈ నియమం ఉంది. ప్రిపొజిషన్ టు కి కూడా అదే వర్తిస్తుంది. రూపం ఒకటే కావడంతో తికమక పడతాం.

పరీక్ష చాలా తేలిక. టు తర్వాత ఒక మామూలు నామవాచకం పెట్టి చూడు. “ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ది హాలిడేస్”, బాగుంది. “ఐ వాంట్ టు ది హాలిడేస్”, కుదరలేదు. కుదిరిందంటే ప్రిపొజిషన్, పక్కన ఇంగ్. ఆబ్జెక్ట్ టు, కన్ఫెస్ టు, డెడికేటెడ్ టు, ఇన్ అడిషన్ టు, విత్ ఎ వ్యూ టు ఇవన్నీ ఆ జాతే. “విత్ ఎ వ్యూ టు ఇంప్రూవ్ ది సర్వీస్” అని ఆఫీసు సర్క్యులర్లలో ఎన్నిసార్లు కనబడుతుందో. ఇంప్రూవింగ్ అని ఉండాలి.

యూజ్డ్ టు మాత్రం విడిగా రాసిపెట్టుకో. “ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫోర్” అంటే నాలుగింటికి లేచేవాణ్ణి, ఇప్పుడు లేవడం లేదు. “ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫోర్” అంటే నాలుగింటికి లేవడం అలవాటే. తెలుగులో ‘-ేవాణ్ణి’ వస్తే వి వన్, ‘-డం అలవాటు’ వస్తే ఇంగ్. ఇక్కడ స్వాతి గారి ‘-డం’ మళ్లీ పనికొచ్చింది.

ఓరుగల్లు_స్వాతి:
మన ‘-డానికి’ లో కూడా రెండు రకాలున్నయి కదా మాస్టారూ. “మిమ్మల్ని కలవడానికి వచ్చాను”. ఇది “కలుద్దామని వచ్చాను” అని మార్చొచ్చు, ఉద్దేశం చెప్తుంది. “సిగరెట్ తాగడానికి అభ్యంతరం చెప్పారు”. దీన్ని “తాగుదామని అభ్యంతరం చెప్పారు” అంటే నవ్వొస్తది. ‘-దామని’ అని మార్చగలిగితే టు ప్లస్ వి వన్. మార్చలేకపోతే ఆ ‘కి’ ఆ తర్వాతి మాట అడిగిన ‘కి’, అంటే ప్రిపొజిషన్, కాబట్టి ఇంగ్.

శాన్‌హోసె_వాణి:
స్వాతి గారూ, “రావడానికి ఒప్పుకున్నాడు” అంటే? “వద్దామని ఒప్పుకున్నాడు” అనం. అయినా ఇంగ్లిష్‌లో “అగ్రీడ్ టు కమ్” కదా. మాస్టారి నామవాచకం పరీక్ష కూడా ఇక్కడ ఓడిపోతుంది, “అగ్రీడ్ టు ది ప్లాన్” అంటారుగా.

కాకినాడ_మాస్టారు:
నిజమే వాణి గారూ, అగ్రీ రెండు పరీక్షలకూ లొంగదు. అలాంటిచోట వెనక ఉన్న ధోరణి చూడాలి. ఇంకా చేయాల్సిన పని గురించి మాట ఇవ్వడం, ఒప్పుకోవడం, నిరాకరించడం, ఆశపడటం లాంటివి టు వైపు మొగ్గుతాయి: అగ్రీ, ప్రామిస్, రెఫ్యూజ్, హోప్. జరిగిపోయినదాన్నో, జరుగుతున్నదాన్నో, ఒక అనుభవాన్నో పట్టుకుని మాట్లాడేవి ఇంగ్ వైపు మొగ్గుతాయి: అడ్మిట్, డినై, ఎంజాయ్, ఫినిష్, కీప్. “హి డినైడ్ టేకింగ్ ది మనీ.” తీసుకోవడం అన్నది అప్పటికే జరిగిందని ఆరోపణ. “హావింగ్ టేకెన్” అని కూడా రాయొచ్చు, కాలం మరీ స్పష్టం చేయాలంటే.

ఇది చట్టం కాదు. సజెస్ట్, కన్సిడర్, పోస్ట్‌పోన్ మూడూ రాబోయే పనుల గురించే, అయినా ఇంగ్ అంటాయి. వాటిని గుర్తుపెట్టుకోవాల్సిందే. కారం గారి బట్టీకి ఆ మేరకు చోటుంది.

పల్నాడు_కారం:
హమ్మయ్య. ఆ మేరకు గెలిచాం.

మ్యూనిక్_మధు:
ఆలస్యంగా వచ్చాను. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయని సిరి గారు పైన అన్నారు కదా, జెరండుకీ పార్టిసిపుల్‌కీ ఇంగ్లిష్‌లో ఒకటే వేషం ఎందుకన్నదానికి కొంచెం వెనకటి కథ.

పాత ఇంగ్లిష్‌లో ఇవి రెండు వేర్వేరు ప్రత్యయాలు. క్రియ నుంచి నామవాచకం చేయడానికి ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’, “చేస్తున్న” అనే అర్థానికి ‘ఎండె’. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో ఆ ‘ఎండె’ అరిగిపోయి, అదీ ‘ఇంగ్’ లోనే కలిసిపోయింది. నేను ఇక్కడ నేర్చుకుంటున్న జర్మన్‌లో ఆ రెండూ ఇప్పటికీ విడిగానే ఉన్నాయి. ‘ఊబుంగ్’ అంటే సాధన, నామవాచకం. ‘ష్లాఫెండ్’ అంటే నిద్రపోతున్న. కాబట్టి తెలుగువాళ్లకు ఇంగ్లిష్ జెరండ్ కష్టంగా అనిపించడం సహజమే. మన దగ్గర ‘-డం’, ‘-తున్న’ విడివిడిగా ఉన్నాయి, వాళ్లు రెంటినీ ఒకే రూపంలో కుక్కేశారు.

అందుకే భాషాశాస్త్రం క్లాసుల్లో “ఫ్లయింగ్ ప్లేన్స్ కెన్ బి డేంజరస్” అనే వాక్యం తరచూ వస్తుంది. విమానాలు నడపడం ప్రమాదమా, ఎగురుతున్న విమానాలు ప్రమాదమా, వాక్యం చూసి చెప్పలేం. కెన్ తీసేసి ఈజ్ పెడితే నడపడం, ఆర్ పెడితే విమానాలు. మాస్టారు చెప్పిన ఏకవచనం నియమం ఎంత పని చేస్తుందో చూడండి. తెలుగులో ఈ తికమకే పుట్టదు.

ఇంకో మాట. 2002లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన పెద్ద ఇంగ్లిష్ వ్యాకరణంలో హడిల్‌స్టన్, పుల్లమ్ ఈ రెంటినీ విడదీయడం అనవసరమని “జెరండ్-పార్టిసిపుల్” అని ఒకటే పేరు పెట్టారు.

సిరి_ఖమ్మం:
అయ్యో, పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి కదండీ!

మ్యూనిక్_మధు:
పోతాయి. డీఎస్సీ అయ్యేదాకా ఆ సంగతి పక్కన పెట్టండి.

శాన్‌హోసె_వాణి:
ఇక్కడ కాలిఫోర్నియాలో ఎనిమిదో తరగతిలో జెరండ్, పార్టిసిపుల్, ఇన్ఫినిటివ్ మూడింటినీ కలిపి వెర్బల్స్ అని చెప్తారు. మా అమ్మాయి హోంవర్క్‌లో “ఐ డోంట్ లైక్ హిమ్ కమింగ్ లేట్” అని రాసింది. మేం చిన్నప్పుడు “హిజ్ కమింగ్ లేట్” అని చదువుకున్నాం. హిమ్ తప్పు కదా అంటే, “అమ్మా, హిజ్ అని ఎవరూ మాట్లాడరు” అంటోంది. ఏది సరి?

కాకినాడ_మాస్టారు:
హిజ్ అనే రాయాలి వాణి గారూ. కమింగ్ నామవాచకం కాబట్టి ముందు షష్ఠీ విభక్తి. పరీక్షల్లో ఇప్పటికీ అదే సరైన జవాబు.

మ్యూనిక్_మధు:
మాస్టారూ, క్షమించాలి, అది అంత తేలిగ్గా తేలిన సంగతి కాదు. హిమ్ వాడకాన్ని గట్టిగా వ్యతిరేకించింది ఇంగ్లిష్ వాడుక మీద పుస్తకాలు రాసిన ఫౌలర్. దానికి “ఫ్యూజ్డ్ పార్టిసిపుల్” అని పేరు పెట్టి మరీ తిట్టాడు. డెన్మార్క్ వ్యాకరణవేత్త ఒట్టో జెస్పర్సన్ ఆయనతో విభేదించి, మంచి రచయితలే ఎంతోకాలంగా అలా రాస్తున్నారని ఉదాహరణలు చూపించాడు. 1920లలోనే జరిగిన వాదం ఇది. ఇప్పుడు రెండూ చెల్లుతాయి. హిజ్ కొంచెం పెద్దమనిషి తరహా, హిమ్ మాటల్లో వచ్చేది.

ఇక షష్ఠి పెట్టడం కుదరని చోట్లు కూడా ఉన్నాయి. “దేర్ ఈజ్ ఎ ఛాన్స్ ఆఫ్ ది ట్రైన్ బీయింగ్ లేట్” అంటారు. “ట్రైన్స్ బీయింగ్ లేట్” అని షష్ఠి వేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది.

కాకినాడ_మాస్టారు:
వాక్యం మొదట్లో కర్తగా వచ్చినప్పుడు మాత్రం హిజ్ వదలొద్దు. “హిమ్ కమింగ్ లేట్ అనాయ్డ్ ఎవ్రీవన్” అని రాతలో చూస్తే నాకు ఇప్పటికీ పంటికింద రాయి తగిలినట్టే ఉంటుంది. మిగతా చోట్ల మీ మాట కాదనను.

అసలు ఇక్కడ మన తెలుగు ఏం చేస్తుందో చూడండి. “అతను ఆలస్యంగా రావడం నాకు నచ్చదు” అంటాం. “అతని ఆలస్యంగా రావడం” అనం. ‘-డం’ ముందు కర్త ప్రథమలోనే ఉంటుంది, షష్ఠిలోకి వెళ్లదు. ‘రాక’ అనే అసలు సిసలు నామవాచకం వాడినప్పుడు మాత్రం “అతని రాక” అంటాం, “అతను రాక” అంటే అర్థమే మారిపోతుంది. ‘-డం’ ముందు “హఠాత్తుగా” అని క్రియా విశేషణం వస్తుంది: హఠాత్తుగా రావడం. ‘రాక’ ముందు విశేషణం వస్తుంది: ఆకస్మిక రాక. అచ్చంగా “అరైవింగ్ సడన్లీ”, “సడన్ అరైవల్” జత ఇదే. “పుస్తకాలు చదవడం”, “పుస్తక పఠనం” పక్కపక్కన పెట్టుకోండి. “రీడింగ్ బుక్స్” అన్నప్పుడు కర్మ నేరుగా వచ్చింది, “ది రీడింగ్ ఆఫ్ బుక్స్” అన్నప్పుడు ముందు ది, వెనక ఆఫ్ వచ్చాయి. ది పెట్టి ఆఫ్ మరిచినా, ఆఫ్ పెట్టి ది మరిచినా ఎర్రర్ స్పాటింగ్‌లో పట్టుకుంటారు. “ది రీడింగ్ బుక్స్ ఈజ్ గుడ్” అని పిల్లలు రాయడం నేను చూడని సంవత్సరం లేదు.

శాన్‌హోసె_వాణి:
అందుకేనేమో మా అమ్మాయికి హిమ్ సహజంగా అనిపిస్తోంది. ఇంట్లో తెలుగు, బడిలో అమెరికా ఇంగ్లిష్, రెండూ ఒకటే చెప్తున్నాయి. “ఐ సా హిమ్ క్రాసింగ్ ది రోడ్” కూడా ఈ లెక్కేనా?

మ్యూనిక్_మధు:
కాదండీ, అక్కడ క్రాసింగ్ పార్టిసిపుల్. చూసింది అతన్ని, అతను రోడ్డు దాటుతుండగా. హిజ్ అస్సలు కుదరదు. సీ, హియర్, వాచ్, నోటీస్ తర్వాత ఇలాగే వస్తుంది.

బైట్_బాబ్జీ:
ఆఫీసు మెయిళ్లలో నేను రోజూ చూసే రెండు చెప్పి వెళ్తాను, సిరి గారికి పనికొస్తాయి.

ఒకటి, ‘-డానికి’ ని ఫర్ తో మార్చేయడం. “ఐ కేమ్ ఫర్ మీటింగ్ యూ”, “ఐ యామ్ కాలింగ్ ఫర్ నోయింగ్ ది స్టేటస్”. మనిషి ఉద్దేశానికి టు నోరారా వాడండి: “కేమ్ టు మీట్ యూ”. ఫర్ ప్లస్ ఇంగ్ వచ్చేది వస్తువు దేనికి ఉపయోగపడుతుందో చెప్పేటప్పుడు: “దిస్ బటన్ ఈజ్ ఫర్ రీసెటింగ్ ది పాస్‌వర్డ్”. థాంక్స్, సారీ పక్కన కూడా వస్తుంది: “థాంక్స్ ఫర్ కాలింగ్”.

రెండు, ‘-డం వల్ల’. “సర్వర్ ఆగిపోవడం వల్ల” అని తెలుగులో అనుకుని “బికాజ్ ఆఫ్ సర్వర్ స్టాపింగ్” అని రాస్తారు. వ్యాకరణం లెక్కన దాన్ని ఎలాగో సమర్థించుకోవచ్చు గానీ ఇంగ్లిష్ మనిషి అలా అనడు. “బికాజ్ ది సర్వర్ వాజ్ డౌన్” అంటాడు. వాళ్లు మామూలు వాక్యంతో చెప్పేవన్నీ మనం ‘-డం’ పెట్టి పేరు చేసేస్తుంటాం. ప్రతి ‘-డం’కీ జెరండ్ అక్కర్లేదు.

ఓరుగల్లు_స్వాతి:
ఆ చివరి మాట మా క్లాసులో గోడ మీద రాయిస్త బాబ్జీ. సిరీ, ఎక్కడా సూత్రానికి దొరకని నాలుగు ముక్కలు మాత్రం అట్లనే నోట్ చేస్కో: “బిజీ డూయింగ్”, “వర్త్ రీడింగ్”, “నో యూజ్ క్రైయింగ్”, “కాంట్ హెల్ప్ లాఫింగ్”. “వుడ్ యూ మైండ్” పక్కన కూడా ఇంగే. “వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ది విండో” అంటే “నో” అనాలె, “యెస్” అంటే నాకు కుదరదని చెప్పినట్టు.

సిరి_ఖమ్మం:
అందరికీ థాంక్స్. ఇప్పుడు పాత పేపర్లోది ఒకటి చేసి చూశాను, చెక్ చేయండి. “ఆన్ హియరింగ్ ది న్యూస్, హర్ ఐస్ ఫిల్డ్ విత్ టియర్స్”. తప్పు ఎక్కడ అని అడిగాడు. హియరింగ్ జెరండే, ఆన్ తర్వాత వచ్చింది. నాకు తప్పేమీ కనబడలేదు. “నో ఎర్రర్” పెట్టాను.

కాకినాడ_మాస్టారు:
జెరండ్ దగ్గర తప్పు లేదమ్మా. వార్త విన్నది ఎవరు? వాక్యం ప్రకారం కళ్లు విన్నాయి. ఫ్రేజ్‌కి సొంత కర్త లేనప్పుడు తర్వాతి భాగంలో ఉన్న కర్తే దానికీ కర్త అవుతుంది. “ఆన్ హియరింగ్ ది న్యూస్, షి హాడ్ టియర్స్ ఇన్ హర్ ఐస్” అంటే సరిపోతుంది. లేదా “వెన్ షి హర్డ్ ది న్యూస్” అని మార్చేసి రెండో భాగం అలాగే ఉంచొచ్చు. తెలుగులో “వార్త వినగానే ఆమె కళ్లు చెమర్చాయి” అంటే తప్పు లేదు, ‘-గానే’ కర్త మారినా ఒప్పుకుంటుంది. అందుకే మన చెవికి ఆ వాక్యం బాగానే వినబడుతుంది. ‘-తూ’ తో అయితే మనకూ కుదరదు: “రోడ్డు మీద నడుస్తూ కుక్క నన్ను కరిచింది” అంటే నడిచింది కుక్కే. “నడుస్తుంటే” అనాలి.

పల్నాడు_కారం:
కుక్క నడుస్తూనే కరిచి ఉంటుందిలే మాస్టారూ.

బైట్_బాబ్జీ:
ఒక్క చిన్న డౌటు. “ది ప్రింటర్ నీడ్స్ రిపేరింగ్” అని రాస్తే మా మేనేజర్ “నీడ్స్ టు బి రిపేర్డ్” అని దిద్దారు. నాది తప్పా?

కాకినాడ_మాస్టారు:
రెండూ సరైనవే. నీడ్ పక్కన ఇంగ్ వచ్చి, కర్త వస్తువైతే, ఆ ఇంగ్‌కి “చేయించాలి” అనే అర్థం వస్తుంది. ప్రింటర్‌కి రిపేర్ చేయించాలి, జుట్టు కత్తిరించాలి, బండి కడగాలి. “ది కార్ నీడ్స్ వాషింగ్”. బ్రిటన్‌లో “వాంట్స్ వాషింగ్” అని కూడా అంటారు. తప్పయ్యేది “ది ప్రింటర్ నీడ్స్ టు రిపేర్” అన్నప్పుడు, అంటే ప్రింటరే వెళ్లి ఇంకేదో బాగుచేయాలన్నట్టు. మీ మేనేజర్ గారి వాక్యం కూడా ఒప్పే కాబట్టి మెయిల్ అలాగే పంపేయండి.